తెరపై వైద్యుడు, పక్కన ఎవరు?

ఇచ్చోడ మండలంలోని కూలికి ఆదిలాబాద్ రిమ్స్‌కు వెళ్లిరావడమంటే ఒకనాటి కూలి పోయినట్లే. కనుక వీడియో వైద్యాన్ని నేను మనసారా స్వాగతిస్తాను.

కేంద్రం 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలను ప్రకటించింది. మరుసటి నెలలోనే ఈ-సంజీవని ఓపీడీ సేవ మొదలైంది. బ్రౌజర్‌లోనే ముఖాముఖి మాట్లాడించే వెబ్‌ఆర్‌టీసీ 2021 జనవరిలో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. నేడు ఏ ఆసుపత్రి యాప్‌లోనైనా వీడియో బటన్ చేర్చడం కష్టం కాదు. దానిని ఎవరి కోసం చేరుస్తున్నామన్నదే ప్రశ్న.

మాట వినబడడానికి సెకనుకు 30 కిలోబిట్లు చాలు. చిత్రం తేటగా కనబడడానికి కొన్ని వందలు కావాలి. అందువల్ల సిగ్నల్ తగ్గినప్పుడు చిత్రం ఆగినా మాట నిలిచేలా యాప్‌ను రూపొందించాలి. గోండీ, లంబాడీ, మరాఠీ మాట్లాడే రోగి పక్కన ఆ భాష తెలిసిన ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో ఉండాలి. జ్వరం, రక్తపోటు, ఆక్సిజన్ కొలిచి వైద్యునికి చెప్పాలి. తెర పొట్టను తడిమి చూడలేదు. మసక వెలుతురులో కనురెప్పల పాలిపోవడాన్నీ చూపలేదు.

ఛాతీనొప్పి, తీవ్రమైన ఆయాసం, పాముకాటు, గర్భిణికి రక్తస్రావం కలిగినప్పుడు వీడియో కాల్ కోసం వేచి ఉండరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

యాప్ నిర్మాతలకు నా మనవి ఒక్కటే: వీడియో బటన్ పక్కనే, అంతే పెద్దగా, 108 బటన్ కూడా ఉంచండి.