చిరునామా ఉంది, ఇల్లే లేదు

సి భాష నేర్చుకునేవాళ్లకు మొదటి నెల హాయిగానే గడుస్తుంది. కూడికలు, లూపులు, అర్రేలు ఎలాగో లొంగుతాయి. పాయింటర్ల పాఠం రాగానే సగం తరగతి తెల్లముఖం వేస్తుంది. మాస్టారు బోర్డు మీద వరుసగా ఇళ్లు గీసి, వాటికి నంబర్లు వేసి, ఇల్లు వేరు, ఇంటి నంబరు వేరు అంటారు. హైదరాబాద్ కాలనీ కుర్రాడికి ఆ బొమ్మ చాలు. బస్తర్ అడవి పల్లె నుంచి జగదల్‌పూర్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలకు వచ్చిన విద్యార్థికి అది అంతగా అతకదు. అక్కడ ఒకే ఊరు నాలుగైదు పారాలుగా విడిపోయి ఉంటుంది. పారాకీ పారాకీ మధ్య చేలు, వాగులు. వరుస లేదు, నంబరూ లేదు. కానీ పాయింటర్లలో అసలు చిక్కు నంబర్లలో లేదు. ఆ చిక్కుకు బస్తర్‌లో దొరికినన్ని ఉదాహరణలు ఇంకెక్కడా దొరకవేమో.

కంప్యూటర్ మెమరీ అంటే బైట్ల పొడవాటి వరుస. ప్రతి బైటుకూ ఒక సంఖ్య ఉంటుంది, అదే దాని చిరునామా. 32 బిట్ల యంత్రంలో ఇలాంటి చిరునామాలు 429 కోట్ల పైచిలుకు. 'వయసు' అనే వేరియబుల్‌లో 20 అని రాస్తే, ఆ 20 ఎక్కడో ఒక చోట కూర్చుంటుంది. పాయింటర్ దాచుకునేది ఆ 20ని కాదు, అది కూర్చున్న చోటి సంఖ్యను. ఆంపర్సాండ్ గుర్తు పెడితే ఫలానాది ఎక్కడుందో చెప్పమని, నక్షత్రం గుర్తు పెడితే ఆ చోటికి వెళ్లి అక్కడున్నది తెమ్మని అర్థం. స్కాన్‌ఎఫ్ రాసేటప్పుడు ఆంపర్సాండ్ మరచిపోయి చేతులు కాల్చుకోని విద్యార్థి ఉండడు. విలువను ఎక్కడ పెట్టాలో చెప్పకుండా పెట్టమంటే ఆ ఫంక్షన్ మాత్రం ఏం చేస్తుంది? చేతికందిన ఏదో అంకెను చిరునామా అనుకుని అక్కడికి పోతుంది. ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది.

పేరుకూ చిరునామాకూ ఉన్న తేడా కూడా ఇక్కడే తెలుసుకోవాలి. 'వయసు' అన్న పేరు రాసేవాడి సౌకర్యం కోసమే. కంపైల్ అయ్యాక యంత్రానికి ఆ పేరుతో పని లేదు. శబరి ఒడ్డున ఉన్న కుంటను చూడండి. హిందీ రికార్డుల్లో అది కోంటా. 1998 దాకా మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లా. ఆ ఏడాది దంతెవాడ జిల్లా. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం. 2012లో సుక్మా జిల్లా. సరిహద్దుకు ఇవతల చింతూరుదీ అదే కథ. ఖమ్మం నుంచి 2014లో తూర్పుగోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. ఊళ్లు అంగుళం కదల్లేదు. ఉత్తరం మీద రాయాల్సిందే మారుతూ వచ్చింది.

ఇంతవరకూ ప్రమాదం లేదు. ఊరు ఉన్నచోటే ఉంది, పేరే మారింది. ఊరే లేకుండా పోయి చిరునామా మిగిలినప్పుడు కథ అడ్డం తిరుగుతుంది. సి భాషలో ఫ్రీ అనే ఫంక్షన్‌తో మెమరీని వదిలేస్తే ఆ చోటు ఇతరులకు ఇవ్వదగ్గదవుతుంది. పాయింటర్‌లో ఉన్న సంఖ్య మాత్రం చెరగదు. పాత చోటునే ధీమాగా చూపిస్తూ ఉంటుంది. అక్కడికి వెళితే పాత విలువ కనిపించవచ్చు, ఇంకెవరిదో సమాచారం కనిపించవచ్చు. దీన్ని డాంగ్లింగ్ పాయింటర్ అంటారు. ఎక్కడికీ చూపించని నల్ పాయింటర్ దీనికంటే చాలా నయం. తన దగ్గర ఏమీ లేదని అదైనా ఒప్పుకుంటుంది.

2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అవిభక్త దంతెవాడ జిల్లాలో ఖాళీ అయిన గ్రామాలు 644 అన్న లెక్క విరివిగా వినిపించింది. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు. కొందరు అడవి లోపలికి పోయారు. వేలమంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట గిరిజన యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. కొన్ని ఊళ్లకు మనుషులు తిరిగొచ్చారు కూడా. కానీ ఏళ్ల తరబడి రికార్డుల్లో ఊరు ఉంది, ఊళ్లో మనిషి లేడు.

దీనికి రెండో వైపు మెమరీ లీక్. వస్తువు ఉంటుంది, దాని చిరునామా ఎవరి దగ్గరా ఉండదు. చోటు ఆక్రమించే ఉంటుంది కానీ పిలిచే దారి ఉండదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు దశాబ్దాల దాకా రెవెన్యూ సర్వే జరగని అబూజ్‌మాడ్ అలాంటిదే. సరిహద్దు దాటి వచ్చి ఏ రికార్డుకూ ఎక్కని గుడిసెలూ అలాంటివే.

ఈ తప్పులు కంప్యూటర్ ప్రపంచానికీ చవకగా రాలేదు. తాము ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. 2024 జూలైలో క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి తనది కాని చోట మెమరీని చదవబోయింది. దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి, విమానాలు ఆగాయి. జావా, పైథాన్‌లు చిరునామాను ప్రోగ్రామర్ చేతికి ఇవ్వకుండా ఈ గొడవ తప్పించాయి. రస్ట్ భాష ఇలాంటి తప్పుల్లో చాలావాటిని కంపైల్ దశలోనే పట్టుకుంటుంది. అయినా లైనక్స్ గుండెకాయ చాలామటుకు సి లోనే ఉంది కాబట్టి పాఠం తప్పదు.

ఇక టైపు సంగతి. పాయింటర్‌కు చిరునామా ఒక్కటే చాలదు, అక్కడున్నది ఏ రకమో కూడా చెప్పాలి. అవే నాలుగు బైట్లను ఇంట్ అని చదివితే ఒక సంఖ్య, ఫ్లోట్ అని చదివితే మరో సంఖ్య, అక్షరాలుగా చదివితే ఇంకేదో. బైట్లు మారవు, చదివే కళ్లు మారతాయి. ఒక రకం పాయింటర్‌ను మరో రకానికి అంటగడితే కంపైలర్ కనీసం హెచ్చరిస్తుంది. షెడ్యూల్డ్ తెగల జాబితా రాజ్యాంగం ప్రకారం రాష్ట్రానికి ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగగా నమోదైన మురియా కుటుంబం సరిహద్దు దాటి తెలంగాణలో అడుగుపెడితే గుత్తికోయ అవుతుంది, ఆ హోదా పోతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. ఆ తేదీ తర్వాత సరిహద్దు దాటినవాళ్ల పోడు ఈ లెక్కలోకి రాదు.