చౌక భూమి కాదు, బాకీ భూమి

ఆదోని మార్కెట్ యార్డులో వేలం చూడని రైతు మన ప్రాంతంలో లేడు. పాట పెరిగితే రైతు ముఖం విప్పారుతుంది, తగ్గితే ముడుచుకుపోతుంది. ధర గిట్టుబాటు కాకపోతే "ఇవ్వను" అని సరుకు తిప్పుకుపోయే హక్కు అయినా అతనికి ఉంది. కానీ ఇంకో రకం వేలం ఉంది. అందులో అమ్మేది సర్కారు, పాడేది పరాయివాడు, పోయేది రైతు భూమి. ఇవ్వనని చెప్పే హక్కు ఆ రోజు అతనికి ఉండదు. బాకీ కింద జప్తు చేసిన ఆస్తుల వేలం అది.

ఈ వేలాల గురించి ఎమ్మిగనూరు బస్టాండులో, ఆదోని టీ అంగళ్ళలో ఒక మాట తరచూ వినబడుతుంది. "వేలంలో భూమి చౌకగా దొరుకుతుంది. సర్కారే అమ్ముతుంది కాబట్టి తకరారు ఉండదు" అని. ఈ మాట నమ్మి నగలు కుదువబెట్టి పాటకు పోదామనుకునే వారు ఉన్నారు. మరోవైపు, జప్తు నోటీసు చూడగానే "ఇక భూమి పోయినట్టే" అని చేతులు ముడుచుకుని కూర్చునే వారూ ఉన్నారు. ఇద్దరూ పొరబడుతున్నారు. చట్టంలో ఏముందో తెలియకపోవడమే ఇద్దరి నష్టానికీ మూలం.

ఆ చట్టం నిన్నటిది కాదు. 1864లో మద్రాసు రాజధానిలో చేసిన రెవెన్యూ రికవరీ చట్టం అది. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా మన వైపు వచ్చింది. చట్టం కూడా మనతోనే వచ్చింది. మెట్ట చేలకు శిస్తు కట్టే రోజులు పోయాయి. 1984లో కరణాలు, మునసబులు పోయారు. తర్వాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. చట్టం మాత్రం పోలేదు. సర్కారుకు రావలసిన అనేక రకాల బాకీలను భూమిశిస్తు బాకీ మాదిరిగానే వసూలు చేసుకోవచ్చని అందులో ఉంది. కనుక అది మనకు సంబంధం లేని పాత కాగితం అనుకోరాదు.

బాకీ ఉన్న రైతు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు ఇవి. భూమిని జప్తు చేసే ముందు, ఎంత బాకీ ఉందో, ఎప్పటిలోగా కట్టాలో చెబుతూ రాతపూర్వకంగా తాఖీదు ఇవ్వాలి. జప్తు చేసినప్పుడు ఆ నోటీసు చేనులోనే కనబడే చోట అతికించాలి, అక్కడ చాటింపు కూడా వేయాలి. వేలానికి కనీసం నెల రోజుల ముందు మరో నోటీసు రావాలి. దాన్ని జిల్లా భాషలో కూడా రాసి కలెక్టరు కార్యాలయంలో, తాలూకా కచేరీలో, దగ్గరి పోలీసు ఠాణాలో, ఆ భూమి మీద అతికించాలి. ఎవరి భూమి, ఎక్కడ ఉంది, ఎంత విస్తీర్ణం, వేలం ఎప్పుడు, ఎక్కడ, ఏ షరతుల మీద అన్నవి అందులో ఉండాలి.

వేలం రోజుకు ముందు రోజు సూర్యాస్తమయం లోగా బాకీ, ఖర్చులు పూర్తిగా కడితే వేలం ఆగిపోతుంది. రైతే రానక్కరలేదు. అతని తరఫున అన్న కట్టినా, అల్లుడు కట్టినా, ఆ భూమిలో హక్కు ఉన్న మరొకరు కట్టినా చెల్లుతుంది.

వేలం జరిగిపోయినా అంతా అయిపోయినట్టు కాదు. ఒక లెక్క చూద్దాం. బాకీ, వడ్డీ, ఖర్చులు కలిసి 25,000 రూపాయలు అనుకుందాం. భూమి పాటలో 2,00,000 రూపాయలు పలికిందనుకుందాం. హెచ్చుపాట పాడినవాడు అక్కడికక్కడే నూటికి 15 చొప్పున 30,000 రూపాయలు కట్టాలి. మిగతా 1,70,000 రూపాయలు 30 రోజుల్లో కట్టాలి. ఇదే 30 రోజుల్లో రైతు ఆ 25,000 రూపాయల బాకీతో పాటు పాట ధర మీద నూటికి 5 చొప్పున మరో 10,000 రూపాయలు కట్టి, వేలం రద్దు చేయమని అర్జీ పెట్టుకోవచ్చు. అంటే 35,000 రూపాయలతో భూమి నిలుస్తుంది. ఆ 10,000 రూపాయలు పాటదారుకు పోతాయి. అతను కట్టిన డబ్బు అతనికి తిరిగి వస్తుంది. నోటీసులు సరిగా వేయకపోయినా, వేలంలో మోసం జరిగినా, దానివల్ల నష్టం కలిగిందని చూపించి వేలం కొట్టివేయమని అడగడానికి కూడా ఇదే 30 రోజుల గడువు.

రైతు ఏమీ చేయలేకపోతే వేలం ఖాయమవుతుంది. అప్పుడైనా సర్కారు తన 25,000 రూపాయలు తీసుకుని, కోర్టు ఆటంకం లేకపోతే మిగిలిన 1,75,000 రూపాయలు రైతుకే ఇవ్వాలి. ఈ మిగులు అతని హక్కు. ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు. చిన్న బాకీకి మొత్తం చేను అమ్మడం కూడా తగదు. సాధ్యమైనంత వరకు బాకీకి సరిపడే భాగం కంటే ఎక్కువ అమ్మరాదని చట్టమే చెబుతున్నది.

ఇక పాటదారు సంగతి. నూటికి 15 కట్టి మిగతాది 30 రోజుల్లో తేలేకపోతే ఆ డబ్బు పోయే ప్రమాదం ఉంది. అంతటితో ఆగదు. భూమిని మళ్ళీ వేలం వేసి, ఈసారి తక్కువ పలికితే ఆ నష్టం కూడా మొదటి పాటదారు నుంచే రాబట్టవచ్చు. చేతిలో పూర్తి సొమ్ము లేకుండా పాటకు పోవడం అంటే నీరు చూడకుండా బావిలోకి దూకడమే.

"సర్కారు అమ్మితే తకరారు ఉండదు" అన్న మాట కూడా పూర్తి నిజం కాదు. ఆ భూమి మీది శిస్తు బాకీ కిందనే అమ్మితే పాత తాకట్టులు దానికి అంటవని చట్టం చెప్పింది. కానీ వేరే బాకీని శిస్తు బాకీలాగా వసూలు చేస్తూ అమ్మినప్పుడు ఆ రక్షణ ఉండదని కోర్టులు తేల్చాయి. బాకీదారుకు ఎంత హక్కు ఉందో అంతే పాటదారుకు వస్తుంది. బాకీదారు ఆ భూమిని ముందే బ్యాంకుకు తాకట్టు పెట్టి ఉంటే ఆ తాకట్టు కొత్త యజమాని నెత్తిన పడుతుంది. అందుకే పాటకు ముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయాలి. అడంగల్, 1బి చూడాలి. భూమి డీకేటీ పట్టాదా అని తహశీల్దారు కార్యాలయంలో అడగాలి. అటువంటి భూములకు 1977 నాటి చట్టం నిబంధనలు వేరుగా ఉన్నాయి. సేద్యంలో ఎవరున్నారో పొలం వెళ్ళి చూడాలి. సర్టిఫికెట్ చేతికి రావడం వేరు, చేనులో మడక దింపడం వేరు.

పట్టణాల్లో ఇళ్ళు కొనేవారూ జాగ్రత్త పడాలి. మున్సిపల్ చట్టం ప్రకారం ఇంటి పన్ను బాకీ ఆ ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. మనిషి మారినంత మాత్రాన బాకీ చెరిగిపోదు. పత్రికల్లో కనబడే బ్యాంకు వేలాలు మరో రకం. అవి 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద జరిగేవి. ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ఆ ప్రకటనల్లో "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట ఉంటుంది. ఇంటిపై ఉన్న పన్ను బాకీలు, కరెంటు బాకీలు కొనేవాడే విచారించుకోవాలని దాని భావం.

అమెరికాలో ఉన్న మన పిల్లల నోట కూడా ఈ వ్యాపారం మాట వినబడుతున్నది. అక్కడ రెండు పద్ధతులు ఉన్నాయి. కొన్ని రాష్ట్రాల్లో ఇంటి పన్ను బాకీనే వేలం వేస్తారు. పాటదారు ఆ పన్ను కట్టి, ఇంటి యజమాని నుంచి వడ్డీతో రాబట్టుకుంటాడు. ఫ్లోరిడాలో ఈ వడ్డీ ఏడాదికి నూటికి 18 దాకా ఉండవచ్చు. పాటలో వడ్డీ తగ్గించుకుంటూ పోతారు కాబట్టి చేతికి వచ్చేది చాలాసార్లు అంతకంటే తక్కువే. మరికొన్ని రాష్ట్రాల్లో ఇంటినే వేలం వేస్తారు. మన దగ్గర బాకీని కొనుక్కునే పద్ధతి లేదు. పాటదారుకు వడ్డీ వ్యాపారం లాంటిది ఏదైనా ఉందంటే, రైతు భూమి విడిపించుకున్నప్పుడు వచ్చే నూటికి 5 మాత్రమే.

అంత సంపన్న దేశంలోనూ ఈ వేలాల్లో అన్యాయం జరిగింది. మిన్నెసోటా రాష్ట్రంలో ఒక వృద్ధురాలి ఇంటి మీద పన్ను, వడ్డీ, జరిమానాలు కలిసి సుమారు 15,000 డాలర్లు బాకీ పడ్డాయి. మన జిల్లా లాంటి అక్కడి కౌంటీ ఆ ఇంటిని 40,000 డాలర్లకు అమ్మి, మిగిలిన 25,000 డాలర్లు కూడా తానే ఉంచుకుంది. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 మే నెలలో తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒక్క మాటగా అది తప్పని తీర్పు చెప్పారు. అప్పటికి ఆమె వయసు 94 ఏళ్ళు. మిగులు సొమ్ము యజమానిదే అని అక్కడ 2023లో పోరాడి చెప్పించుకోవలసి వచ్చింది. మన ప్రాంతంలో ఆ మాట 1864 నుంచే కాగితం మీద ఉంది.

అయితే కాగితం మీద ఉంటే చాలదు. ఆ చట్టం వచ్చిన తొలి రోజుల అనుభవమే సాక్ష్యం. 1876–78 నాటి మహా కరువు తర్వాత, 1879–80 నుంచి 1889–90 వరకు 11 ఏళ్ళలో మద్రాసు రాజధానిలో శిస్తు బాకీల కింద 8 లక్షలకు పైగా రైతుల భూములు, 19 లక్షలకు పైగా ఎకరాలు వేలానికి పోయాయి. రమేశ్ చంద్ర దత్ వంటి వారు అప్పట్లోనే ఈ లెక్కను ఎత్తిచూపారు. అందులో సగానికి పైగా భూమికి పాడేవారే లేక సర్కారే తీసుకుంది. పాటే లేని చోట మిగులు ఎక్కడిది? రైతుకు హక్కు ఉన్నా చేతికి రూపాయి రాలేదు.

నేడు మన పడమటి మండలాల్లో కష్టం ఇంకో రూపంలో ఉంది. వానలు ముఖం చాటేస్తే ఊళ్ళు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప కోతలకు, బెంగుళూరు కట్టడం పనులకు కుటుంబాలు తరలిపోతాయి. ఇంటికి తాళం, చేనుకు బీడు. అప్పుడు చేనులో అతికించిన నోటీసు ఎవరు చదవాలి? ఊళ్ళో వేసిన చాటింపు ఎవరు వినాలి? 30 రోజుల గడువు గుంటూరు పొలాల్లోనే గడిచిపోతే రైతు హక్కు ఏమైనట్టు?

అందువల్ల అధికారులకు మా విన్నపం. సుగ్గి నెలల్లో పేద రైతుల భూముల వేలాలు పెట్టవద్దు. నోటీసును పంచాయతీ బోర్డు మీద కూడా పెట్టించాలి. వలస వెళ్ళిన కుటుంబానికి ఫోనులో తెలిపి, తెలిపినట్టు రాసుకోవాలి. "ముందు రోజు సూర్యాస్తమయం", "30 రోజులు", "మిగులు నీది" అన్న మూడు ముక్కలూ ప్రతి నోటీసులో పెద్ద అక్షరాలతో తెలుగులో ఉండాలి. వేలం ముగిశాక మిగులు ఎంతో, ఎవరికి ఇచ్చారో ఊరికి తెలియజేయాలి.

పాటకు వెళ్ళేవారికీ ఒక మాట. నలుగురు కూడబలుక్కుని పాట తగ్గిస్తే సర్కారుకు నష్టం లేదు. దాని బాకీ దానికి వస్తుంది. తగ్గిన ప్రతి రూపాయి ఆ రైతు మిగులులో నుంచి పోయినదే. రేపు అదే ఊళ్ళో, అదే రచ్చబండ మీద అతని పక్కన కూర్చోవాలి. న్యాయమైన ధర పాడి కొన్నవాడిని ఎవరూ తప్పుపట్టరు.

బాకీ ఉన్న రైతు నోటీసును చూరులో దోపి మరచిపోరాదు. చదువు రాకపోతే బడి పంతులు చేత, కాలేజీకి పోయే మనవరాలి చేత చదివించుకోవాలి. అందులోని తేదీని గోడ మీద బొగ్గుతో రాసుకోవాలి. ఆ తేదీకి ముందు రోజు పొద్దు గూకేదాకా భూమి చేజారినట్టు కాదు.