తాళంచెవి ఎవరి దగ్గర?



మన వాడల్లో పాడుబడిన కమ్యూనిటీ హాళ్లు చాలా ఉన్నాయి. ఎప్పుడో ప్రభుత్వ నిధులతో కట్టినవి. పైకప్పు కారుతుంది, కిటికీ రెక్కలు ఊడిపోయాయి. లోపల పెళ్లి సామాను, యూరియా బస్తాలు, పోయిన ఎన్నికల జెండాలు. వాటిని బాగుచేసి గ్రంథాలయాలుగా మార్చాలని చదువుకున్న మన పిల్లలు ఇప్పుడు చందాలు పోగుచేస్తున్నారు. గోడకు నీలం రంగు, బాబాసాహెబ్ పటం, రెండు బీరువాలు, ఏప్రిల్ 14న రిబ్బన్ కత్తిరింపు. మంచిదే. కానీ మేస్త్రీని పిలవకముందే ఒక మాట తేల్చుకోవాలి: దసరా నాటికి దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? అప్పటికి ఆ తలుపు రోజూ తెరుచుకుంటుందా?

"ఫోన్‌లో అన్నీ దొరుకుతుంటే లైబ్రరీ ఎందుకు?" అని కొందరు అడుగుతున్నారు. ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో ఇంటర్ చదివే ఆడపిల్లకు కావలసింది ముందు ఒక కుర్చీ, ఒక లైటు, రెండు గంటల నిశ్శబ్దం. అవి ఫోన్‌లో దొరకవు. బడిలో సంస్కృతం చదవనివ్వకపోతే పారశీకం చదువుకున్న బాబాసాహెబ్, దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు పుస్తకాల కోసమే ఇల్లు కట్టారు. చదువుకునే చోటు విలువ ఆయనకు తెలుసు.

బోర్డు మీద "అందరికీ ప్రవేశం" అని రాస్తే సరిపోదని కూడా ఆయనకు తెలుసు. ప్రజల డబ్బుతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్లకూ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా తీర్మానం చేసింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట వేల మంది నడిచి వెళ్లేదాకా మనవాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగలేకపోయారు. కాగితమూ కావాలి, రోజూ నడిచి వెళ్లే కాళ్లూ కావాలి.

ముందు కాగితం సంగతి చూద్దాం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతోంది. 500 రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం 40 రూపాయలు సెస్సు కడుతున్నట్టే. ఆ డబ్బు పంచాయతీ నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. అంటే మన అమ్మలు, నాన్నలు కూలి డబ్బుల్లోంచి లైబ్రరీకి ఇప్పటికే చందా కడుతున్నారు. అందుకే దాతల పేర్లు చెక్కిన శిలాఫలకం కంటే ముందు గ్రామసభ తీర్మానం కావాలి. ఆ హాలును గ్రంథాలయానికి కేటాయించినట్టు పంచాయతీ రికార్డులో ఎక్కాలి. శాఖా గ్రంథాలయమో, కనీసం బుక్ డిపాజిట్ సెంటరో ఇవ్వమని జిల్లా సంస్థకు దరఖాస్తు వెళ్లాలి. మన వాడ నుంచే ఒకరిని జీతమిచ్చి పెట్టమని అడగాలి. జీతం లేని సేవ మన పిల్లల మీద ఇంకో వెట్టి అవుతుంది. ఉద్యోగం వచ్చి ఆ కుర్రాడు ఊరు దాటిన రోజే తాళం పడుతుంది.

ఇక కాళ్ల సంగతి. పొద్దున పదికి తెరిచి సాయంత్రం ఐదుకు మూసే లైబ్రరీ కూలికి పోయేవాళ్లకు పనికిరాదు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండాలి. నడిపే కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. లేకపోతే నెల తిరక్కుండా అది మగపిల్లల క్యారమ్ క్లబ్బు అవుతుంది. మరుగుదొడ్డి లేకుండా ప్రారంభించొద్దు.

పుస్తకాల విషయంలోనూ పట్టు ఉండాలి. గ్రూప్స్, డీఎస్సీ గైడ్లు తప్పకుండా పెట్టండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వాటి పక్కనే జాషువా, బోయి భీమన్న, కలేకూరి ప్రసాద్, గోగు శ్యామల, జూపాక సుభద్ర ఉండాలి. ఇళ్లలో అడ్డంగా ఉన్నాయని జనం వదిలించుకునే పాత పుస్తకాలతో బీరువాలు నింపుకోవద్దు.

ఈ ఏడాది చందా పుస్తకం అచ్చు వేయించే ముందు ఒక అర్జీ రాయండి. మీ పంచాయతీ ఎంత సెస్సు వసూలు చేసిందో, అందులో ఎంత జిల్లా సంస్థకు పంపిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ లెక్క చేతిలో పట్టుకుని గ్రామసభకు వెళ్దాం. రంగులు ఆ తర్వాత వేసుకోవచ్చు.

జై భీమ్.