దాసుగారు వాగ్గేయకారులు కారా?

ఆదివారం అనుబంధంలో విజయనగరం సంగీతంపై వచ్చిన వ్యాసం ఆదిభట్ల నారాయణదాసు గారిని (1864–1945) ‘గొప్ప హరికథకుడే గానీ స్వరకర్త కారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేసింది. అభ్యంతరం అక్కడే.

హరికథ అంటే కాళ్లకు గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి ఎవరో రాసిన కథ అప్పజెప్పడం అనుకున్నట్టున్నారు వ్యాసకర్త. దాసుగారి హరికథల్లో సాహిత్యం ఆయనదే, రాగం, తాళం కూడా ఆయనవే. అదీ చాలదంటే ‘దశవిధ రాగ నవతి కుసుమ మంజరి’ ఉంది. తొంభై రాగాలను ఒకే దండగా గుచ్చిన గీతమాలిక అది. పాడటం మాట అటుంచండి, ఒక రాగం నీడ పక్క రాగం మీద పడకుండా అన్నిటినీ వరసగా నడపడం స్వరరచన కాకపోతే మరేమిటి? త్యాగరాజస్వామికి ఒప్పుకున్న వాగ్గేయకారుడన్న మాట అజ్జాడలో పుట్టినాయనకు ఇవ్వడానికి ఎందుకో మనవాళ్లకే నోరు రాదు.

ఇంకొకటి. ఘంటసాల దాసుగారి దగ్గర చదువుకున్నారని రాశారు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు దాసుగారు తొలి అధ్యక్షులు, నిజమే. కానీ 1936 నుంచి ఆ కుర్చీలో ఉన్నది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల వచ్చింది ఆ తర్వాతే. ఆయనకు గాత్రం నేర్పింది పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆ సాలూరు చిన్న గురువుగారి పేరు వ్యాసం మొత్తంలో ఒక్కచోటా లేదు. సవరణ వేసేటప్పుడు అదీ చేర్చండి.

— ఒక పాఠకుడు, బొబ్బిలి