గడ్డ ఉందమ్మా... ఏ గడ్డ?

స్కానింగ్ గదిలో చల్లటి జెల్ రాసి, ప్రోబ్ అటూ ఇటూ తిప్పి, డాక్టరు చాలాసార్లు చెప్పేది ఒకటే మాట: "గడ్డ ఉందమ్మా. ఏ గడ్డో బయాప్సీ చేయిస్తేగానీ తేలదు." ఇక రిపోర్టు చేతికొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. డాక్టరును అనడానికి లేదు. అల్ట్రాసౌండ్‌కు దొరికేది గడ్డ సైజు, అంచులు, లోపల నీరుందా, రక్తం పారుతోందా అన్నవే. గడ్డ గుణం దొరకదు.

ఆ గుణం పసిగట్టే పనిని శాస్త్రవేత్తలు బుడగలకు అప్పగించారు. ఎర్ర రక్తకణం కన్నా చిన్న బుడగలవి. పైన కొవ్వు పొర, లోపల రక్తంలో తొందరగా కరగని వాయువు. ధ్వని తరంగం తగిలితే వణుకుతూ గట్టిగా ప్రతిధ్వనిస్తాయి. పనయ్యాక ఆ వాయువు ఊపిరితో బయటికి పోతుంది. మామూలు బుడగలను గుండె, కాలేయం పరీక్షల్లో ఎప్పటినుంచో వాడుతున్నారు. కొత్త సంగతల్లా ఆ పొరకు పెప్టైడ్ అనే చిన్న ప్రోటీన్ ముక్క‌ను అతికించడమే. కేన్సర్ గడ్డ తన మేత కోసం కొత్త రక్తనాళాలను పుట్టించుకుంటుంది. వాటి గోడలపై వీఈజీఎఫ్‌ఆర్-2 అనే గ్రాహకం ఎక్కువగా ఉంటుంది. పెప్టైడ్ దాన్నే పట్టుకుంటుంది. ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని నిమిషాలు ఆగితే, రక్తంలో తిరిగే బుడగలు తగ్గిపోయి గోడకు అంటుకున్నవి తెరపై మెరుస్తాయి.

రోమ్, స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఈ బుడగలతో, రొమ్ములో లేదా అండాశయంలో గడ్డ ఉన్న 45 మంది మహిళలపై జరిపిన తొలి పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. రొమ్ము కేన్సర్ గడ్డల్లో 93 శాతం బలంగా మెరిశాయి. ఈ అంకె చూసి సంబరపడే ముందు పక్క అంకె కూడా చూడాలి. హాని లేని రొమ్ము గడ్డల్లో ఏమాత్రం మెరవనివి 67 శాతమే. అంటే మూడోవంతు ఎంతో కొంత మెరిశాయన్నమాట. అండాశయ కేన్సర్లలో బలమైన మెరుపు 77 శాతానికే పరిమితం.

అందుకే దీన్ని "కేన్సర్‌ను ముందే కనిపెట్టే స్కాన్" అని ఊదరగొట్టడం నాకు నచ్చదు. బుడగ రక్తనాళం దాటి బయటికి రాలేదు. గోడ మీద ఉన్నది చెప్పగలదు, గోడ అవతల కణంలో జరిగేది చెప్పలేదు. పైగా ఇది నరానికి సూది గుచ్చి, అనుమానమున్న చోట చేసే పరీక్ష. ఊరందరినీ వరసగా నిలబెట్టి చేసేది కాదు. దీని అసలు చోటు స్కాన్‌కూ బయాప్సీకీ నడుమ. ఏ గడ్డకు సూది తప్పదో, దేన్ని కొన్నాళ్లు గమనిస్తే చాలో తేల్చడానికి డాక్టరుకు మరో ఆధారం అవుతుంది. కొత్త నాళాలను అడ్డుకునే మందు పనిచేస్తోందా లేదా అన్నది గడ్డ కుంచించుకుపోకముందే చెప్పగలిగితే అంతకన్నా మేలు.

మనకు ఇందులో ఆశ పుట్టించేది యంత్రం. ఎమ్మారై లేని పట్టణంలోనూ అల్ట్రాసౌండ్ ఉంటుంది, రేడియేషన్ బెడద లేదు. బుడగలను చూపే సదుపాయం మాత్రం అన్ని యంత్రాల్లో ఉండదు. గ్రాహకాన్ని పట్టే బుడగలైతే ఇంకా ప్రయోగాల్లోనే ఉన్నాయి, మామూలు వైద్యంలోకి రాలేదు. కాబట్టి డాక్టరు బయాప్సీ రాస్తే, కొత్త స్కాన్ ఏదో వస్తోందట కదా అని వాయిదా వేయకండి.