సాత్త్వికాహారమను పేర

నీరుల్లి ముట్టనివాఁడు సాత్త్వికుఁడనియు, తినువాఁడు తామసుఁడనియు మన యిండ్లలో నొక తీర్పు చెల్లుచున్నది. దీనికి భగవద్గీత పదునేడవ యధ్యాయమును సాక్ష్యముగాఁ జూపుదురు. ఆ శ్లోకములను జదివిచూచినవా రెందఱు? అందు నీరుల్లి పేరు లేదు, వెల్లుల్లి పేరు లేదు. ఆ నిషేధము మనుస్మృతిలోనిది, అదియు ద్విజులనుద్దేశించినది. గీత, యే స్వభావముగలవారి కే యాహారము ప్రియమో చెప్పినదేకాని, కూరనుబట్టి కులమునకు గుణము గట్టుమనలేదు.

రాజసాహారమన నేమి? మిక్కిలి కారము, పులుపు, ఉప్పు, వేఁడి గలది. మన యావకాయ కింతకంటెఁ జక్కని లక్షణ మెవ్వరు వ్రాయఁగలరు! ఉల్లిని వెలివేసిన విస్తరిలోనే దానికి పెద్దపీట. (నేనును దానిని విడువఁజాలను.)

ఆహారశుద్ధిచే సత్త్వశుద్ధి కలుగునని ఛాందోగ్యము. అచట శంకరులు ఆహారమనఁగా నింద్రియములచే గ్రహింపఁబడు శబ్దాదివిషయముల జ్ఞానమని వ్యాఖ్యానించిరి. అట్లయినచోఁ బంక్తిలోఁ గూర్చుండి మనము చేయు పరకులనిందయు నాహారమే కదా!

నవ్వి విడువరాని మాట యొకటి గలదు. గీత తామసాహారములలో రాత్రి నిలిచినదానిని, ఎంగిలిని బేర్కొన్నది. భర్త తిన్న విస్తరిలో భుజించుట పతివ్రతాధర్మమని మనము స్త్రీలకు నేర్పితిమి. మగవారు లేచిన పిదప మిగిలినది, నిన్నటి చలిది, వారి పాలు చేసితిమి. వితంతువునకు ఉల్లి మాన్పించి, ఒంటిపూట విధించి, ఆమె మనస్సును రక్షించుచున్నామంటిమి. గ్రంథమే ప్రమాణమైనచో, ఇల్లాలికి దినదినము తమస్సును వడ్డించినవారము మనమే.

ముందుగా నామెకును పంక్తిలోనే విస్తరి వేసి వేఁడియన్నము వడ్డింపుఁడు. ఉల్లి సంగతి తరువాత విచారింతము.