వెలిగొండకు శాతాలు చాలవు

మార్కాపురం, గిద్దలూరు, కంభం నుంచి వెళ్లి హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేస్తున్న పిల్లలకు ఒక బొమ్మ బాగా తెలుసు. చేయాల్సిన ప్రతి పనికీ ఒక గడి గీస్తారు. ఏది పూర్తయితే ఏది మొదలవుతుందో బాణాలతో కలుపుతారు. ఆ బాణాల వెంట సాగే దారుల్లో అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది క్రిటికల్ పాత్. దాని మీద ఒక రోజు ఆలస్యమైతే ప్రాజెక్టంతా ఒక రోజు వెనకబడుతుంది. మిగతా దారుల్లో కాస్త వెసులుబాటు ఉంటుంది. ఈ పద్ధతి సాఫ్ట్‌వేర్ కోసం పుట్టింది కాదు. 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీ తన కర్మాగారాల పనులకూ, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల పనికీ ఇలాంటి పద్ధతులను వేర్వేరుగా తయారుచేసుకున్నాయి.

కృష్ణా వరద నీళ్లను మన పొలాలకు తేవాల్సిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు అలాంటి బొమ్మ గీసి జనం ముందు పెట్టాలి. ఇప్పటిదాకా మనకు చెప్పింది శాతాలే.

1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కోటి 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల్లో మొదటిదాని తవ్వకం 2021 జనవరిలో, రెండోదాని తవ్వకం 2024 జనవరిలో పూర్తయ్యాయి. ఆ మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు. అయినా ఆ ఏడాది వరదకు మన పొలాల్లోకి చుక్క రాలేదు. ఎందుకు? సొరంగం దాటిన నీళ్లు ఫీడర్ కాలువలో పారి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య కట్టిన ఆనకట్టల వెనక నల్లమల సాగర్‌లో నిలవాలి. ఆ సాగర్ గర్భంలో పదకొండు ఊళ్లున్నాయి. ఆ ఊళ్ల జనం కదలకుండా నీళ్లు నింపలేం. పరిహారం చేతికి రాకుండా, కొత్త కాలనీలో ఇల్లు, మంచినీళ్లు, కరెంటు లేకుండా వాళ్లు ఎలా కదులుతారు?

సొరంగాలదొక దారి, పునరావాసానిదొక దారి. నీళ్లు నింపే గడి దగ్గర రెండూ కలుస్తాయి. రెండో దారి ఆగిపోయి ఉంటే మొదటి దారిని ఎంత తొందరపెట్టినా ఒక్క రోజు కూడా కలిసిరాదు. శాతాల లెక్కలో ఇది కనబడదు. కాంక్రీటు పోసిన మేర శాతం పెరుగుతూ పోతుంది, కుటుంబాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. పైగా ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఊళ్లలో పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండుతాయి. తమనూ కుటుంబాలుగా లెక్కించమని వాళ్లు అడుగుతారు, అది న్యాయమే. అలా ఆలస్యమే మళ్లీ ఖర్చును పెంచుతుంది.

మన ప్రాజెక్టుకు ఇంకో కష్టం ఉంది. సాఫ్ట్‌వేర్‌లో రెండు వారాలు ఆలస్యమైతే పోయేది రెండు వారాలే. వెలిగొండ కృష్ణా వరద మీద ఆధారపడింది. శ్రీశైలం జలాశయం నుంచి కొల్లంవాగు దగ్గర 45 రోజుల్లో 43.5 టీఎంసీలు తీసుకోవాలన్నది లెక్క. సెప్టెంబరుకు కావాల్సిన పని డిసెంబరుకు పూర్తయితే మూడు నెలలు కాదు, ఒక ఏడాది పోయినట్టే. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లకు ఆ ఏడాది ఎంత బరువో కాలు వంకరపోయిన మనిషిని అడిగితే తెలుస్తుంది.

అందుకే వరద రోజు నుంచి వెనక్కి లెక్కవేసి గడులు గీయాలి. ప్రతి గడి కింద బాధ్యుడైన అధికారి హోదా, గడువు తేదీ రాయాలి. పునరావాసం గడులు వేరే కాగితంలో కాకుండా కాంక్రీటు గడుల పక్కనే ఉండాలి. మార్కాపురం, పెద్దారవీడు, అర్ధవీడు మండల కార్యాలయాల గోడల మీద ఆ పటం వేలాడదీసి, నెలనెలా తేదీలు మార్చాలి. వచ్చే సమీక్షలో మన ప్రజాప్రతినిధులు ఎంత శాతం అయిందని అడగడం మాని, క్రిటికల్ పాత్ మీద ఈ నెల ఏ గడి ఉందో, దాన్ని ఆపుతున్నది ఏదో అడగాలి.